పద్నాలుగు బేళ్లు

దురాస్నోలో ఆగస్టు. యీ నది మీంచి లేచిన చలి
ఉన్ని కడిగే ఫ్యాక్టరీలో అన్ని గదులూ తిరిగి
సర్వరు గది గుమ్మంలో మాత్రం ఆగిపోతోంది.
నేనొచ్చింది మార్కులు వెయ్యడానికి.
కొత్త వ్యవస్థ నడక మొదలెట్టి ఆరు నెలలు.
కాలు నిలిచిందా, యజమాని డబ్బు దండగేనా,
నలభై మూడు ప్రశ్నలు నా ఫైల్లో.

ఆర్డరు కొట్టిన వేలు పైకి లేవకముందే
ఇక్కడ సరుకు తగ్గుతుంది, పక్క గదిలో ఇన్వాయిస్ పుడుతుంది,
మోంతెవిదెయో రేవులో కంటైనరుకి చోటు దొరుకుతుంది.
బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.
ఇదివరకు మూడు టేబుళ్లు, మూడు పుస్తకాలు,
మూడింట్లోనూ కాకిలెక్కలు,
నెలాఖరున వాటిని కలపడానికి ఒక తగాదా.

ముప్పై ఒకటో ప్రశ్న: పాత డేటా శుద్ధి ఎలా జరిగింది?
స్టోర్సు ఇర్మా బెంతాంకూర్
మాతే బుర్రలోకి వేణ్ణీళ్లు వంచుతూ ఆగింది.
"శుద్ధా? ఇక్కడ ఆ మాట ఉన్నికే వాడతాం."

తరవాత తనే చెప్పింది, నా పెన్ను మూయించి.

ఏడో వరస, మెరీనో, పద్నాలుగు బేళ్లు.
పదకొండేళ్లుగా పుస్తకంలో వెనకటి నిల్వ.
ఏడో వరసలో ఉన్నదల్లా గాలి తీసిన సైకిలొకటి.
కాటా దగ్గర వాల్దెమార్ లారోసా
చూపు మసకేసిన ఒక సాయంత్రం
ఒకే లారీని రెండుసార్లు రాసుకున్నాడు.
పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలు.
పద్నాలుగు నెలలు, పద్నాలుగు బేళ్లు,
ఆమె పైకి చెప్పలేదు, పై పేజీకి మోసింది.
అతను పింఛను తీసుకున్నాడు, మూడేళ్లు తిన్నాడు, పోయాడు.
"మరి అప్పుడైనా?"
"అప్పుడు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు."

వ్యవస్థ ఎక్కించే రాత్రి
బార్‌కోడ్ తుపాకీ పట్టుకున్న కుర్రాడు
ఏడో వరసలో గాలికి గురిపెట్టి నిలబడ్డాడు.
తీసెయ్యాలంటే కారణం ఎంచాలి, తెర మీద వరసగా ఉన్నాయి:
తేమ. నిప్పు. దొంగతనం. లెక్కతప్పు. ఎలుకలు.
దొంగతనమంటే చచ్చినవాడికి మచ్చ.
లెక్కతప్పంటే నిజం,
పదకొండేళ్లు నోరు కట్టుకున్నది ఆ ఒక్క మాట కోసమే.
అరగంట కూచుంది.
ఎలుకలు, అని నొక్కింది.

రెండున్నర టన్నుల ఉన్ని.
కన్నార్పకుండా ఒప్పుకుంది వ్యవస్థ.
ఒప్పుకోవడమే కాదు, అన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయిగా,
నష్టం చూసి దానికదే ఎలుకల మందువాళ్లకి ఆర్డరిచ్చింది.
నెలకోసారి తాకువారెంబో నుంచి వ్యాను.
దిగుతారు, బోను మారుస్తారు, సంతకం తీసుకుంటారు.
ఒక్క ఎలుకా పడలేదు.
పడలేదని మందు మోతాదు పెంచింది.

"ఆపించలేవా?" అంది ఇర్మా.
తెర తెరిచి చూశాను. ఒప్పందం రద్దు.
కారణం ఎంచండి, అంది తెర.
ఇద్దరం కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాం.
ఆమె మాతే నా వైపు జరిపింది.

విభాగాల మధ్య అనుసంధానం: ఐదుకి ఐదు వేశాను.
ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర గీత గీసి
పోయేముందు ఏడో వరసకి వెళ్లొచ్చాను.
సైకిలు చక్రం పక్కనే కొత్త బోను,
లోపల జున్నుముక్క, ఇంకా మెత్తగానే ఉంది.