రీలు అయిపోయాక

వడకర దగ్గర ఆ బడికి గోడలు నడుమెత్తే.
పైన కొబ్బరాకుల కప్పు. వాన మొదలైతే
హీరోయిన్ కంటే ముందు కప్పే మాట్లాడేది.

నెలకో ఆదివారం ఫిల్మ్ సొసైటీ.
ప్రొజెక్టరు పెట్టె మోసుకొచ్చేది చాత్తుక్కుట్టి.
అయిపోయిన రీళ్ళు వెనక్కి చుట్టేది నేను, పదకొండేళ్ళవాణ్ణి.
జీతం, ఒక అరటిపండు బజ్జీ, పాలు లేని టీ.

బెంగాలీ మా ఊళ్ళో ఎవరికీ రాదు.
తెర అడుగున పాకే ఇంగ్లీషు అక్షరాలు
చదివేలోపే పారిపోతాయి.
అందుకని తెర పక్కన స్టూలు,
స్టూలు మీద టీచరు సత్యభామ వారస్యార్, చేతిలో మైకు.
జమీందారూ ఆవిడే, పోస్ట్‌మానూ ఆవిడే,
దగ్గుతూ చచ్చిపోయే ముసలమ్మా ఆవిడే.
మేడ మీది విధవ కోడలు నోరు విప్పినప్పుడు మాత్రం
మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగేది.
మలయాళం అంత మెత్తగా ఉంటుందని
నాకు అప్పటిదాకా తెలీదు.

సాయంత్రం దాకా గుడికి మాలలు కట్టిన వేళ్ళు.
ఆట అయ్యాక మైకు తులసి వాసన వేసేది.
చాత్తుక్కుట్టి అన్నీ చకచకా సర్దేవాడు,
మైకు ఒక్కటే చివరికి ఉంచేవాడు.

ఆయన తండ్రి కల్లు గీసేవాడు.
గుడి వీధిలో ఆయన సైకిలు మీద పోవచ్చు, చట్టం ఉంది.
వారియర్ల ఇంటి ముందు దిగకూడదు.
దానికి చట్టం అక్కర్లేదు.

వాళ్ళు మాట్లాడుకోగా నేను వినలేదు.
"మసగ్గా ఉంది" అని ఒకసారి ఆవిడ తెరతోనే అంది,
వెనక ఆయన లెన్సు తిప్పాడు. అంతే.
ఆయనకి కనిపించేది ఆవిడ ముడి, ఒక చెవి.
ఆవిడకి కనిపించేది ఆయన పంపిన వెలుగు.

గుమ్మంలో అన్న అచ్యుత వారియర్,
మూసిన గొడుగు, వెలిగించని టార్చి.
సినిమా చూసేవాడు కాదు.
జనం తలల మీదుగా పోయే ఆ తెల్లటి పాయనే చూసేవాడు,
అందులోంచి ఎవరో ఏదో దాటిస్తున్నారని అనుమానం ఉన్నట్టు.

తులావర్షంలో ఆఖరి ఆట.
తర్వాతి గురువారం ఆవిడ పెళ్ళి,
పాలక్కాడ్‌లో దేవస్వం గుమాస్తాతో.
సినిమా మళ్ళీ ఆ కోడలిదే, మేం అడిగి తెప్పించుకున్నాం.
చివర్లో కిటికీ. కింద నది.
లాంతరు పెట్టుకుని ఒక పడవ పోతుంది, ఆగదు.
అప్పుడు మైకులో,

"లాంతరు కొంచెం ఎత్తు.
ఇన్నాళ్ళూ నా ముఖం
నువ్వు వెలుతుర్లో చూడనే లేదు."

ముందు వరసలో ఆడవాళ్ళు ముక్కు చీదారు.
రీలు అయిపోయింది.
తోక ఊడి టపటప కొట్టుకుంటోంది, చాత్తుక్కుట్టి ఆపలేదు.
తెర నిండా ఉత్త తెలుపు.
బడి మొత్తం పాలు ఒలికినట్టు వెలిగింది.
"నిద్రపోయావా!" అని అరిచారు జనం.
నేను ఆయన మోచెయ్యి పట్టుకు లాగాను.
స్టూలు మీద సత్యభామ టీచరు
మెల్లగా వెనక్కి తిరిగి కూచుంది,
కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.
ఎంతసేపో నాకు తెలీదు.
టక్కున గొడుగు తెరుచుకున్న చప్పుడు.

తర్వాత కొన్నాళ్ళకి సొసైటీ మూతబడింది.
చాత్తుక్కుట్టి రేడియోలు బాగుచేసుకుంటూ బతికాడు,
ఆయన కొట్టుకి వెళ్ళినా నేనెప్పుడూ ఏమీ అడగలేదు.

పోయిన డిసెంబరులో త్రిశూర్‌లో
అదే సినిమా, గీతల్లేకుండా కడిగిన ప్రింటు.
ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చు.
కిటికీ వచ్చింది, నది వచ్చింది,
లాంతరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోయింది.

కింద అక్షరం లేదు.
ఆ కోడలి పెదవులు కదలలేదు.
వెనక్కి తిప్పి చూపించమని
అడగడానికి ప్రొజెక్టరు దగ్గర
మనిషి లేడు.