మూడో చప్పుడు

రెండు దాకా బాగానే వెళ్తుంది.
మూడులో పడాల్సిన చోట
ఇంజన్ ఒక్కటే కేక పెడుతుంది,
చక్రాలకి ఆ కబురు అందదు.
మెయిన్ నార్త్ రోడ్డు మీద వెనక లారీవాడు హారన్ మోత.
పక్కకి తీసి, డిప్‌స్టిక్ లాగి వాసన చూశాను:
మాడిన పోపు.
పారాణి రంగులో ఉండాల్సిన నూనె
డికాషన్ అయిపోయింది.

ఎలిజబెత్‌లో అందరిదీ ఒకటే సలహా.
"వి-ఎయిట్ కమొడోర్, ఇరవయ్యారేళ్ల బండి,
ఆ ఆటోమేటిక్ పీకి పారేసి మాన్యువల్ వేయించు."
టైర్ల షాపు కుర్రాడు, గిడ్డంగిలో నా సూపర్‌వైజరు,
ఆఖరికి పళ్ల డాక్టరు కూడా.
నా ఎడమ మోకాల్లో స్టీలు పలక ఉందని,
వానొచ్చే రోజు అది నాకంటే ముందే నిద్ర లేస్తుందని
ఎంతమందికని చెప్పను?
ఎడమ కాలికి పని పెట్టకుండా పరుగెత్తే బండి కావాలనే కదా
ఓవర్‌టైం డబ్బులన్నీ దీనికి పోసింది.

వార్విక్ మాత్రం బండి చూసి, మోకాలు చూసి,
"ఆటోకి ఆటోనే" అన్నాడు.
ఇక్కడి ఫ్యాక్టరీకి తాళం పడేదాకా
పంతొమ్మిదేళ్లు బండ్ల కింద బతికిన మనిషి.
ఇప్పుడతని గరాజ్‌లో టమాటా నారు, ఒక జాక్.

శనివారం. నాలుగు స్టాండ్ల మీద బండి,
దాని కింద అట్టముక్కల మీద మేమిద్దరం.
ఎగ్జాస్ట్ దిగింది. షాఫ్ట్ దిగింది.
కూలర్ పైపు విప్పితే మోచేతి దాకా కారింది.
పైన రెండు బోల్టులున్నాయి,
కంటికి కనబడవు, చేతికి దొరకవు.
అతను ఇంగ్లీషులో, నేను తెలుగులో తిట్టాం.
ఏ భాషకి లొంగాయో తెలీదు.

మెల్లగా జాక్ మీదికి ఒరిగింది,
సరిగ్గా ఒక ధాన్యం బస్తా బరువు.
దాని భుజమ్మీద, మురికి కింద,
పసుపు పెన్నుతో వంకర టిక్కు.
"నీదా?" అన్నాను ఆశగా.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"కాదు. నైట్ షిఫ్టు వాడిది. నాది ఇంత గలీజుగా ఉండదు."
చుట్టూ గుడ్డతో తుడిచాడు కానీ, దాన్ని మాత్రం వదిలేశాడు.

సాలిస్‌బరీలో బాగుచేయించి తెచ్చిన పెట్టె
నోరు తెరుచుకుని కూర్చుంది.
టార్క్ కన్వర్టర్ని అందులో దించాలి,
రుబ్బురోట్లో పొత్రంలా తిప్పుతూ, బతిమాలుతూ.
ఒక చప్పుడు.
ఇంకొంచెం తిప్పితే రెండోది.
"చాలు కదా?"
"మూడు."
తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు.
మణికట్లు రెండూ పిండైపోయాయి.
"రెండుతో బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో పంపు పగులుతుంది.
లైన్లో ఒకసారి నేనే బిగించాను" అని
ఆ తర్వాత ఏమైందో చెప్పకుండా
నారుకి నీళ్లు పెట్టడానికి లేచాడు.

ఎవరింట్లోనో ఫుటీ కామెంటరీ.
ఈగలు. చల్లారిన టీ.
రేపటి షిఫ్టుకి టిఫిన్ ఏం కట్టుకోవాలా అని
నా బుర్ర ఎటో పోయిన ఒకానొక తిప్పులో

టక్.

చెవికి కాదు, మోచేతి ఎముకకి వినిపించింది.
అవతలి మూల నుంచి, ఇటు తిరగకుండానే,
"అదీ" అన్నాడు.

ఎక్కించేసరికి చీకటి.
ఆఖరి బోల్టు బిగించి, జేబులోంచి పసుపు పెన్ను తీశాడు.
ఎండిపోయింది. ఊదాడు, విదిలించాడు,
పసిపిల్లాడిలా మొహం పెట్టాడు.
నా బ్యాగులో గోళ్లరంగు ఉంది, పండుమిరప ఎరుపు.
ఆ బుల్లి కుంచెతో, వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి
తిన్నగా ఒక టిక్కు పెట్టాడు.

రాత్రి అదే రోడ్డు.
ఒకటి. రెండు.
మూడు ఎప్పుడు పడిందో నేను పట్టుకోలేకపోయాను.
అతన్ని అడుగుదామని చూస్తే
పక్కసీట్లో, వీధిదీపాల వెలుగులో,
బొటనవేలికి అంటిన ఎరుపు గోక్కుంటున్నాడు.