జానెడు సందు

రెండున్నరకు సైరన్ కూస్తది.
ఇంకో ఐదు నిమిషాలకు భూమి
ఒక్కసారి ఇట్ల భుజాలెగరేస్తది.
చెంచాలు గలగల. ఉప్పుడబ్బ మూత
దానంతట అదే సగం సుట్టు తిరుగుతది.
అయిపోయినంక అందరం
మాట ఎక్కడ తెగిందో అక్కడ్నించే అందుకుంటం.

రాజురా అవతల, కోలరీ మట్టిగుట్టలు
పెరటి గోడ మీదికెళ్లి తొంగిచూసే వాడకట్టు మాది.
వంటగట్టును ఇక్కడోళ్లు ఓటా అంటరు.
మా అత్త గట్టనే అంటది, నా బిడ్డ ఓటా అంటది,
నేను ఎదుటి మనిషిని బట్టి మారుస్త.

నల్లబండ ఏసిన్నాడు గోడకు అతుక్కోనే ఉండె.
మొదాలు ఎంట్రుక పట్టేంత సందు.
వానకాలానికి ఆధార్ కార్డు పట్టింది.
దీపావళికి రూపాయి బిళ్ల
నిలువునా జారి, చప్పుడు గూడ చెయ్యకుంట పోయింది.

ఆవాలు పోయినయి, జిలకర పోయింది.
పాలు పొంగిన పొద్దు సగం పాలు అండ్లకే.
బియ్యం కడిగిన నీళ్లు కింద పిండిడబ్బల తేలినయి.
బొద్దింకలకైతె అది పెద్దబజారు తొవ్వ.

తెల్లసిమెంటు పెట్టిన. తొమ్మిది దినాలు ఉన్నది.
ఎం-సీల్ చపాతిపిండి లెక్క పిసికి పెట్టిన.
అది పగల్లేదు,
గోడ పెచ్చునే పండ్లతోటి పట్టుకోని ఊడొచ్చింది.

కంపెనీ మనిషి వచ్చిండు, చంకల ఫైలు.
సందు మీద అడ్డంగ సన్నటి అద్దం పట్టీ అతికించి
దాని మీద తారీకు రాసిండు.
"ఇల్లు కదిలితె ఇది పగుల్తది, అప్పుడు చూద్దాం."
నాలుగో రోజే పగిలింది.
"ఎల్లిపాయ దంచుతరు గద, ఆ దెబ్బకే" అన్నడు.
గా దినం సంది నేను ఎల్లిపాయ
వాకిట్ల కూసోని దంచుతున్న,
నలుగురు చూసేటట్టు.

ఎవరిని తిట్టాలె?
బొక్కలల్ల మందు కూరేటోళ్ల జట్టుల
నా పెనిమిటి ఓదెలు గూడ ఒకడు.
ఆ చేతులే గీ బండ కొనిచ్చినయి.
ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంట అడుగుతడు,
"ఇయ్యాల గట్టిగ తెలిసిందా?"
తెలిసిందంటె తల వంచుకోని తింటడు.

మోరేశ్వర్ ఝాడే అని ముసలి గవండి.
గోడను వేలితోటి తట్టి, చెవి పెట్టి విన్నడు.
సగం మరాఠి, సగం మన మాట:
"తాయీ, సిమెంటు జిద్దు మనిషి. వంగదు, ఇరుగుతది.
ఊగేదానికి ఊగేదే పెట్టు."
చాయ తాగిండు, పైసలు ముట్టలే.

ఆదివారం బార్లు పేలయి.
జడపిన్నుతోటి సందంత గీకి పేపరు మీద పోసిన.
నల్లబడ్డ రూపాయి.
అద్దం పట్టీ ముక్క, తారీకుల పదిహేడు మాత్రమే మిగిలింది.
ఇంకా, మొలకెత్తిన ఆవగింజ ఒకటి:
దారప్పోగంత, సున్నమంత తెల్లగ,
వెలుతురు దిక్కు మెడ సాపి.
దాన్ని పెరుగు డబ్బల మట్టి పోసి పెట్టిన.
ఫ్యాను దించి రాత్రంత సందుకు గాలి కొట్టిన.

పొద్దున పాత లంగనాడ లోపలికి దూర్చి,
ఇటొక టేపు, అటొక టేపు అంటించి,
సిలికాన్ గొట్టం మూతి ఏటవాలుగ కోసి
ఊపిరి బిగవట్టి ఒక్కటే గీత.
పులిసిన వాసన. సబ్బునీళ్ల వేలితోటి
ఈ కొస నుంచి ఆ కొస దాక నిమిరిన,
పిల్లకు కాటుక దిద్దినట్టు.
ఆరకముందే టేపు గుంజిన.

మంగళారం, రెండున్నర. సైరన్.
నేను బండకు కన్ను ఆనిచ్చి వంగి చూస్తున్న.
పిల్లి ఒళ్లు ఇరుసుకున్నట్టు
ఆ తెల్లగీత సాగింది, మళ్ల ముడుసుకున్నది.
చుక్క నీళ్లు దిగలే.

రాత్రి ఓదెలు పొయ్యి పక్క మూలకు చెయ్యి పెట్టి
"ఇక్కడ జానెడు మర్సిపోయినవు" అన్నడు.
మర్సిపోలే.
మళ్ల ఫైలు పట్టుకోని వచ్చే సారుకు
చూపెట్టెతందుకు ఉండాలె గద.

అందరు పండుకున్నంక కార్డులు పెట్టి కొలుస్త.
నాది, ఆయనది, బిడ్డది, అత్తది,
ఇయ్యాల నాలుగూ దిగినయి.
ఐదోదానికి ఇంట్ల మనిషి లేడు.