పాసంగం

గుత్తిలో బస్సు ఇరవై నిమిషాలు నిలబడతాది.
డ్రైవరు ఓబన్న ఉగ్గాని తినే లోపల
చిల్లర సంచి చంకన పెట్టుకుని
నేను ఉసేనప్ప అంగడికి ఉరుకుతా.

‘పాత ఇత్తడి, రాగి, సీసం కొనబడును.’
అమ్మబడును అనే మాట బోర్డు మీద లేదు.
ఆయన మొహం మీద కూడా లేదు.

“పాత దుడ్లేమన్నా ఉండాయా పెద్దాయనా?”
మొదటి తూరి అడిగినప్పుడు తల ఎత్తలేదు.
కాలిన మోటారు కడుపులోంచి రాగితీగ లాగుతా
“కండక్టరువి. దుడ్లు నీ దగ్గరుంటాయి గానీ
నా దగ్గర యాడివి?”

ఇంకో తూరి డబ్బాలో చెయ్యి పెడితే
“చూసేటికి సినిమానా? కొనేదుంటే కొను.”
కొంటానంటే “తూకం లెక్క. ఏరుకునేది లేదు.”
అట్లా ముక్కాలు కిలో కొన్నా:
గొళ్లెం ముక్కలు, గజ్జెలు, ఒక తాళం నాలుక,
అడుగున జార్జి రాజు తల, అదీ చెవి దాకా తెగి.
మూట విప్పి చూసి సుంకమ్మ
“జీతం పాతసామాను కింద ఇస్తాండారా?” అనింది.

ఎన్నో తూరో గుర్తు లేదు, తక్కెడ చూసినా.
ఎడమ తట్ట గొలుసుకు పురికొసతో కట్టి
నల్లటి బిళ్ల. పాసంగం.
గాలికి తిరిగింది.
తొండం. ముందుకేసిన ఒక కాలు.

ఏనుగు దుడ్డు!
టిప్పు కాలంలో ఈ గుత్తిలోనే
ఎవడో సమ్మెట ఎత్తి కొట్టిన రాగి.
ఇన్నేండ్లలో ఎన్ని చేతులు మారినా
కోట నీడ దాటి పోలేదేమో.

“అది ఇస్తావా?”
అప్పుడు తలెత్తినాడు.
“అది తీస్తే నా తక్కెడ అబద్ధమాడుతుంది.”
“అంతే బరువు ఇంకోటి కట్టిస్తా.”
“మా నాయన కట్టింది.”
“ఐదు నూర్లు.”
“నీ బస్సు పోతాది, పో.”

ఒక ఆదివారం ఆయనే నా బస్సెక్కినాడు.
తాడిపత్రికి. ఐదు నూర్ల నోటు.
నా సంచి నిండా చిల్లర. ఒట్టు, నిండా.
“చిల్లర లేదు” అని టికెట్టు వెనక రాసిచ్చినా.
ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
వెలుతురుకు పట్టి చూసినాడు,
నేను దుడ్లను చూసినట్టే.
రాయలచెరువు దాటినా చూపు నా సంచి మీదనే.
దిగేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చినా.
లెక్క సరిపోయింది. నాకే సరిపోలేదు.

నాలుగు వారాలు ఓబన్నతో కూర్చుని ఉగ్గాని తిన్నా.

శ్రావణంలో పోతే అంగట్లో కరెంటు కాటా,
ఎర్రెర్రటి అంకెలు. తక్కెడ లేదు.
అడిగేకి నోరు రాలేదు.
ఆయనే సొరుగు లాగినాడు.
“ఇదే గదా? నల్లగుండాదని
చింతపండేసి తోమిపిచ్చినా కోడలితో.”

బల్ల మీద ఏనుగు,
కొత్త చెంబు మాదిరి తళతళ.
మట్టీ చెమటా పొర మీద పొరగా అద్దిన ఆ నలుపు
అంట్లు కడిగిన నీళ్లతో పోయింది.
తొండం కొస కూడా అరిగింది.
నాలాంటోళ్లు ఎవరూ ఇప్పుడు దాన్ని చేత్తో ముట్టుకోరు.

ఉసేనప్ప నా మొహం చూస్తాండాడు.
ఆ చూపు నాకు తెలుసు.
టికెట్టు వెనక రాయించుకున్నోడు
దిగే ఊరు వచ్చినప్పుడు చూసే చూపు.

“భలే ఉంది పెద్దాయనా” అన్నా. “ఎంత?”
“రాగి తూకం.”
కాటా మీద పెట్టినాడు. పదకొండు గ్రాములు.
ఎనిమిది రూపాయలన్నాడు.
పది ఇచ్చినా.

సొరుగు తీసినాడు. లోపల గలగల.
మూసినాడు.
“చిల్లర లేదు. టికెట్టు వెనక రాసుకో.”
ఆయన పండ్లు చూడ్డం అదే మొదలు.
పైవరసలో రెండు లేవు.

ఆ రెండు రూపాయలు ఇంకా రావాల.
ప్రతి బేస్తవారం దిగి అడుగుతా.
ప్రతి బేస్తవారం లేదంటాడు.