జల్లెడ కన్ను

ఈ చోటి పేరు సజ్జ.
వెతికితే ఒక్క సజ్జ గింజ దొరకదు.
షార్జా అంచున సిమెంటు దుమ్ము,
రేకుల షెడ్లు, లారీలు, మేము.

మెస్సు మూల, ఉల్లిగడ్డ బస్తాల పక్కన
పాత కంప్యూటరు.
స్టోర్లో లెక్కలు రాస్తానని
దాని తాళం నా చేతికిచ్చారు.

మొన్న ఎండల్లో భూమన్నకు మెయిలొచ్చింది:
కెనడాలో ఆపిల్ తోట, నెలకు ఇన్ని డాలర్లు,
ముందుగా ఎనిమిది వందల దిర్హాలు.
కట్టాడు.
పైసలు తీసుకున్నవాడి నంబరు
ఆ సాయంత్రమే మోగడం మానేసింది.
రాత్రి ఇరవై రెండో గదిలో
తలా అయిదు దిర్హాలు నా ముందు కుప్ప పోశారు.
"మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి చూడు తమ్మీ,
చెత్త రాకుండ."

ఊళ్ళో తాపీపనికి ఇసుక జల్లించినవాణ్ణి నేను.
గోడ కట్టడానికి ఒక జల్లెడ,
పూతకు ఇంకొకటి.
కన్ను సన్నమైతే పూత నున్నగా వస్తుంది,
సగం ఇసుక మాత్రం పైనే మిగిలిపోతుంది.
ఇంత తెలిసినవాడికి మెయిలెంత అనుకున్నాను.

మూడు చూశాను.
ఒకటి ఉచితం. ప్రతి ఉత్తరం పక్కన
సబ్బు, సిమ్ కార్డు, బట్టతల మందు.
చెత్త ఆపమంటే చెత్తతోనే అద్దె కట్టించుకునే రకం.
ఇంకొకటి మరీ బరువు,
అది తెరుచుకునేలోపు పప్పు ఉడికేది.
మూడోది డబ్బుకి. డబ్బా మీద
మీసాల కావలివాడి బొమ్మ.
సెట్టింగుల్లో మూడు మెట్లు: వదులు, మధ్యస్థం, కఠినం.
భూమన్న మొహం చూసి కఠినం నొక్కాను.

వారం రోజులు
ఇన్‌బాక్సు కడిగి బోర్లించిన గిన్నె.
మెచ్చుకున్నారు. ఒకాయన చాయ్ కూడా పోయించాడు.

ఎనిమిదో రోజు పోశెట్టి వచ్చి నిలబడ్డాడు.
అయిదు నెలల జీతం మీద కేసు వేశాడు గదా,
వాయిదా ఎప్పుడో కబురే లేదట.
చెత్తబుట్ట తెరిచాను.
అక్కడుంది, అరబ్బీలో, కింద ఇంగ్లీషులో.
బకాయి సొమ్ము, తక్షణం, హాజరు కాని పక్షంలో...
దొంగలు వాడే మాటలే కోర్టూ వాడుతుంది.
వాయిదా నిన్న.

పోశెట్టి ఏమీ అనలేదు.
స్టూలు మీద కూర్చొని
జేబులోంచి చెమటకు మెత్తబడ్డ చీటీ తీసి
దాటిపోయిన ఆ తారీఖునే రాయించుకున్నాడు.

ఆ రాత్రి మీసాలవాణ్ణి తీసేశాను.
ఇప్పుడున్నది చెబితే నేర్చుకునేది.
ఇది చెత్త అని నొక్కాలి, ఇది కాదు అని నొక్కాలి,
తప్పు చేస్తే మళ్ళీ నొక్కాలి.
కొత్త కూలీకి పని నేర్పినట్టే,
తిడితే రాదు.
శుక్రవారం, క్షవరాలకు ముందు
అందరం చెత్తబుట్ట చుట్టూ చేరతాం,
చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరినట్టు,
కాదు, రాళ్ళు పోసి బియ్యం ఏరినట్టు.

దొరికాయి కూడా.
భూమన్న బిడ్డ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అరిచింది:
నాన్నా అర్జంటు అర్జంటు డబ్బు!
లోపల చూస్తే, సైకిలు బళ్ళోనే ఇచ్చారు,
ఆ డబ్బు నువ్వే ఉంచుకో, అని.
డబ్బు వద్దనేవాళ్ళుంటారని
యంత్రానికి ఎవరు చెప్పాలి.

నిన్న పోశెట్టి వంతు.
లాటరీవాడి ఉత్తరం మీద బాణం పెట్టి
నొక్కబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.
"అది దొంగదని నాకెర్కే."
"మరి?"
"పైన ఏం రాసిండో సదువు."
గౌరవనీయులైన పోశెట్టి గారికి,
అని తెలుగు చేసి చదివాను.
"మల్లొక్కపారి."
చదివాను.

పొద్దున నాలుగింటికి బస్సు కాడ
తలలు లెక్కపెట్టేటప్పుడు
అతను నూట పద్నాలుగు.

వారానికొకటి రానిమ్మన్నాడు.
బ్యాంకు నంబరు ఎవడికీ ఇవ్వనని
వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు.
కఠినం, మధ్యస్థం, వదులు,
దీనికి తగ్గ మెట్టు సెట్టింగుల్లో లేదు.
జల్లెడలో ఒక్క కన్ను
వేలు పెట్టి కొంచెం పెద్దది చేసి
కంప్యూటరు ఆపేశాను.

కేసు మళ్ళీ వచ్చే నెల పదహారున.
గోడ మీద బొగ్గుతో రాశాం.