కోర్టు లేచేలోపు

కందుకూరు కోర్టులో
తిట్టుని టైపు కొట్టాల్సింది నేనే.
చట్టం అట్లా ఉంది మరి:
విచారణ ఏ దశలో ఆగింది, ఎట్లా ఆగింది,
అన్నవాడు ఏమన్నాడు,
అక్షరం పోకుండా రాయాలి.
పద్నాలుగేళ్ళ సర్వీసులో
దొంగ వేలిముద్రలు కొట్టాను, గట్టు తగాదాలు కొట్టాను,
జడ్జిగారి మీద పడ్డ మాట మాత్రం
అదే మొదలు.

పిలుపు మూడోసారి పడకముందే లేచాడు
దామా మాలకొండయ్య, పొగాకు రైతు.
చొక్కా నిండా బేరన్ పొగ,
వేళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ లొంగని జిగురు.
ఎకరా పన్నెండు సెంట్లు, ఒక బేరన్, ఒక గట్టు.
దావా వేసింది వాళ్ళ నాయన.
నాయన పోయాడు.
నాయన పెట్టుకున్న వకీలు పోయాడు.
గట్టు కొలిచిన సర్వేయరు
సాక్ష్యం సగంలో ఉండగా పోయాడు.

ఆ పూట ఎదుటి వకీలు లేచి
"ఇంకొక్క వాయిదా" అన్నాడు.

కట్ట గాల్లోకి లేచింది.
ఇరవై రెండేళ్ళ కాగితాలు
ఫ్యాను కింద కాసేపు తిరిగి
నల్లకోట్ల మీద, నా మిషను మీద,
బెంచి మీది గాజుగ్లాసు మీద వాలాయి.
"నువ్వు కూర్చుంది కుర్చీ కాదమ్మా, పాడె!
ఎంతమందిని మోసిందో
లెక్కుండాదా నీకాడ?"

ఆమె వచ్చి మూణ్ణెల్లు.
ఆ దావాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, అంతే.
గ్లాసు మీది కాగితం తీసి పక్కన పెట్టారు.
నీళ్ళు తాగలేదు.
"రాయండి" అన్నారు నాతో.
తన మీద పడ్డ మాటని తానే
సరుకుల చీటీ చెప్పినట్టు చెప్పారు,
కామా ఎక్కడో, ఆశ్చర్యార్థకం ఎక్కడో కూడా.

కోర్టు లేచేలోపు తేల్చాలి.
అందాకా అతను వెనక బెంచీలో,
పక్కన కానిస్టేబులు.
ఇరవై రెండేళ్ళుగా
వచ్చి, పేరు విని, తేదీ రాసుకుని
పామూరు బస్సెక్కిన మనిషి
మొదటిసారి రోజంతా కోర్టుని చూశాడు.
యాభై మూడు పిలుపులు.
చెక్కు కేసులో ఏడ్చిన కిరాణా కొట్టతను,
పిల్లాడి కోసం చెరో చెయ్యీ పట్టుకున్న ఇద్దరు,
రాని సాక్షులు, రాని సమన్లు,
మధ్యాహ్నం కరెంటు పోతే
కిటికీ పక్కకి జరిగి చదువుకున్న ఆమె.
ఏమనుకున్నాడో తెలీదు.
కానిస్టేబులిచ్చిన పులిహోర మాత్రం తిన్నాడు.

నాలుగూ నలభైకి లేపారు.
"క్షమాపణ చెబితే వదిలేసే వీలుంది."
అతను చాలాసేపు చేతులు చూసుకున్నాడు.
"అన్నమాటకి చెప్తానమ్మా.
ఉన్నమాటకి చెప్పను."

నా వేళ్ళు ఆగాయి.
ఆమెవి ఆగలేదు.
పాత చట్టం రోజులు,
జరిమానా రెండొందలు దాటకూడదు.
రెండొందలే వేశారు.
కట్టకపోతే వారం సాదా ఖైదు.

జేబులో నూట పది.
ఎవరూ కదల్లేదు.
అప్పుడు లేచింది ఎదుటి పార్టీ,
అతని చిన్నాన్న కోడలు వెంగమ్మ,
ఆ గట్టుకి అవతలి మనిషి.
ఆధార్ కార్డు కవర్లోంచి వంద తీసి
గుమాస్తా ముందు పెట్టింది.
"ఈయన జైలుకి పోతే మళ్ళీ వాయిదా పడద్ది."
పది చిల్లర అడిగి తీసుకుంది.

సంతకానికి ఉత్తర్వు పెట్టాను.
చదువుతూ ఒకచోట ఆగారు.
నా తప్పే.
కుర్చీ కాదమ్మా, పాడి, అని పడింది.
పాడి అంటే పాతకాలంలో న్యాయమట,
ఇప్పుడు గేదెలు.
ఆమె ఒక క్షణం ఆ మాటని అట్లాగే చూశారు.
వదిలేస్తారనుకున్నాను.
వదిలేస్తే ఎవరికీ తెలీదు,
ఫైల్లో అది తిట్టే కాకుండా పోను.
పెన్ను తీసి గుడి కొట్టేశారు.
ఎత్వం పెట్టారు.
పక్కన పొడి సంతకం.

లేచారు. అందరం లేచాం.
వెనక బెంచీలో అతనూ.
తర్వాత నేను కూర్చుని
పేజీ అడుగున ఎప్పటిలాగే కొట్టాను:
కొట్టివేతలు, ఒకటి.