మూడు కళ్ళ కాయ

కాశీబుగ్గలో బస్సు దిగిన ఆ జూన్‌లో
నా సంచిలో ఎర్ర పెన్నులు పన్నెండు.
దసరాలోపే అన్నీ అయిపోయాయి.
'బేగి' మీద ఒక గీత, పక్కన 'త్వరగా'.
'నాను' మీద ఒక గీత, పక్కన 'నేను'.
ఒక పిల్ల రాసుకున్న 'నాను' కొట్టేశాక
అక్కడ మిగిలిన 'నేను' ఎవరో
అప్పట్లో ఆలోచించలేదు.

బడి వెనక జీడిపిక్కల బట్టీ.
గాలి ఇటు తిరిగితే
సుద్దముక్కకి కూడా కమురు వాసన.

నాలుగో తరగతి, కిటికీ పక్క,
బమ్మిడి డిల్లేశ్వరి. వేళ్ళ చివర్లు నలుపు.
సిరా అనుకుని కడుక్కు రమ్మన్నాను.
వచ్చింది. మళ్ళీ పంపాను.
మూడోసారి పక్క పిల్ల చెప్పింది:
"అది పోదు టీచర్. జీడి సవురు.
వాళ్ళమ్మతో కూకొని పిక్క కొడతాది."
ఆ పూటంతా నా చేతులు
కొంగులోంచి బయటికి తియ్యలేదు.

నవంబరులో భిన్నాలు.
పుస్తకంలో ఆపిల్ పండు, నాలుగు ముక్కలై.
సగమంటే ఏమిటని అడిగాను.
గది మొత్తం పాదాల్ని చూసుకుంది.
ఆ చూపు నాకు తెలుసు.
మాస్టారి చింతబరిక బల్లమీద కదిలినప్పుడు
నా కాలి బొటనవేలికే
తొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకున్న దాన్ని.

కిటికీ దగ్గర్నుంచి
గొంతు కాదు, గొంతులో సగం:
"బద్ద."
నవ్వారు.
నా చెయ్యి అలవాటుగా పెన్ను కోసం వెళ్ళింది,
సుద్దముక్క తగిలింది.
ఎందుకు రాశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను,
బోర్డంత అక్షరాల్తో, బద్ద అని.
"మరి రెండు బద్దలైతే?"
"గుండు!" ఈసారి ఒక్క గొంతు కాదు.
"బద్ద సగానికి విరిగితే?"
"ముక్క టీచర్. ముక్కకి రేటు తక్కువ."
గంట కొట్టినా ఎవరూ లేవలేదని రాస్తే అబద్ధం.
లేచారు. గుడ్డు పెట్టే రోజది.

తర్వాతి వారం మూడో వంతు దగ్గర ఆగిపోయాం.
డిల్లి తల అడ్డంగా ఊపింది.
"పిక్క మూడుగా ఇరగదు టీచర్."
నిజమే. నా దగ్గర జవాబు లేదు.
బోర్డు మూల రాసిపెట్టాను:
మూడుగా విరిగేది ఏది?
చలికాలమంతా ఆ మూల ఎవరూ చెరపలేదు.
హెడ్మాస్టారు అడిగితే
ఇంకా తేలలేదండీ, అన్నాను.

గున్నయ్యది ఏడాదంతా ఆలస్యమే.
మొదట్లో బయట నిలబెట్టేదాన్ని.
తర్వాత తలుపు పక్కన చాపొకటి పరిచి ఉంచాను,
వచ్చినప్పుడే వచ్చి కూకోమని.
మాట నాలుక మీద మూడుసార్లు తిరిగితే గానీ
బయటికి రాదు వాడికి.
ఆగడం నేర్చుకున్నాం అందరం,
అందరికంటే వెనక నేను.

ఏప్రిల్. ఒంటిపూట బడి.
తొమ్మిదిన్నరకి వచ్చాడు, వాళ్ళ తాత
కత్తితో పైచెక్కు తీసిచ్చిన తాటికాయలు రెండు
చొక్కాలో మూటగట్టుకుని.
ఒకటి తెచ్చి బోర్డు మూల కింద పెట్టాడు.
"మూ... మూ..."
ఎవరూ అందించలేదు ఆ మాట.
బట్టీలో సుత్తెల చప్పుడు వినిపించింది.
"మూడు కళ్ళు."

మూడు ముంజెలు,
తొణకకుండా నీళ్ళు.
డిల్లి నల్లటి వేలితో ఒకటి తోడి,
"ఇది మూడో వంతు" అని మింగేసింది.
మిగిలిందెంతో చెప్పడానికి
గది గదంతా పోట్లాడింది.

రెండో కాయ తిప్పి చూస్తే రెండే కళ్ళు.
"ఇదేటి టీచర్?"
ముప్పై రెండు మొహాలు నా వైపు.
"నాకు తెలీదు" అన్నాను.
అంత గట్టిగా ఆ మాట
ఏ బడిలోనూ అనలేదెప్పుడూ.

ఎవరూ నవ్వలేదు.
డిల్లి లేచి, పాత ప్రశ్న అరచేత్తో చెరిపి,
ముంజె నీళ్ళు ఆరని వేళ్ళతో
ఆ మూలలోనే రాసింది:
దీనికి రెండే కళ్ళేటి?

సెలవులకింకా తొమ్మిది రోజులుంది.